అరిగిన అక్షరం ఎవరిది?

పోయిన వేసవిలో నేనొక పాత ఇంగ్లీషు టైపు మిషను కొన్నాను. అమ్మినాయన మా వూరి కోర్టు ఆవరణలో, చెట్టు కింద బల్ల వేసుకొని, ముప్పై యేళ్ళకు పైగా అర్జీలూ అఫిడవిట్లూ కొట్టి బతికిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక ఆయన బల్ల ముందు జనం పలచబడ్డారు. ఆయనొక ధర చెప్పారు. పాత ఇనుము కింద వేసినా అంత రాదని వాదించి, నేను దాన్ని సగానికి దించాను. ఈ సంగతి మొదటనే చెప్పడం అవసరం. తరువాతి చర్చ అంతా దీనిమీదనే ఆధారపడి వున్నది.

ఇంటికి తెచ్చి దుమ్ము తుడిచి చూస్తే, మీటల మీద కొన్ని అక్షరాలు లేవు. ఇంగ్లీషులో అన్నిటికన్న ఎక్కువగా వాడే ‘ఇ’ పూర్తిగా మాసిపోయింది. ‘ఏ’, ‘ఎస్’, ‘టి’ సగం సగం కనిపిస్తున్నాయి. ‘క్యూ’, ‘జెడ్’ మాత్రం నిన్న కొన్నట్టు వున్నాయి. స్పేస్ బారు మీద కుడిపక్క, బొటనవేలు పడేచోట, నున్నని గుంట. 1870 దశకంలో అమెరికాలో షోల్స్ రూపొందించగా రెమింగ్టన్ కంపెనీ బజారుకు తెచ్చిన మీటల వరస ఇది. ఇందులో ఎడమచేతికి పని ఎక్కువ. ‘ఏ’ మీట ఎడమ చిటికెన వేలి వాటాకు వచ్చింది. ఏ వేలు ఎంత చాకిరీ చేయాలో ఆ మనిషి పుట్టకముందే నిర్ణయమైపోయిందన్నమాట!

మీటలు బాగుచేసే పని పెద్ద విద్య కాదు. బాగా పాతకాలపు మిషన్లలో అక్షరం కాగితం మీద వుండి, దానిపై గాజుబిళ్ళ, చుట్టూ లోహపు కట్టు వుంటాయి. కట్టు విప్పి కాగితం మార్చాలి. కొన్నిటిలో రెండు రంగుల ప్లాస్టిక్కును కలిపి పోస్తారు గనుక అక్షరం మీట లోపలిదాకా దిగివుంటుంది, అది అరగదు. నా మిషను మూడో రకం. అక్షరాన్ని గాడిగా చెక్కి రంగు నింపినది. సబ్బునీటి గుడ్డతో తుడిచి, గాడిలోకి తెల్ల ఎనామిల్ దిద్ది, ఆరకముందే పైపైన తుడిచేస్తే గాడిలోది నిలుస్తుంది. థిన్నరు తగిలితే మీటే పాడైపోవచ్చు.

రంగు డబ్బా తెచ్చుకున్నాను గాని చేయి ఆడలేదు. ఈ అరుగుదల ఒక శ్రమజీవి జీవితం గదా! ఆయన కొట్టిన అర్జీల మీద ఆయన పేరు లేదు. వకీలు పేరున్నది, కక్షిదారు పేరున్నది. ఆయన వున్నట్టు సాక్ష్యం చెప్పేవి ఈ మాసిన మీటలే. వాటి మీద రంగు పూయడమంటే, శ్రమను దాచి సరుకును మెరిపించే బజారు పద్ధతికి నేనూ దాసోహమనడం కాదా? ఇలా తర్కించి, మీటలను ముట్టుకోరాదని తీర్మానించాను. వచ్చిన మిత్రులకు ఆ గుంటను చూపి శ్రమ సంస్కృతిని గురించి మాట్లాడాను కూడా.

కొన్నాళ్ళకు ఆయన మా యింటికి వచ్చారు. నా తీర్మానం గర్వంగా చెప్పాను. ఆయన నవ్వారు.

“మాస్టారూ, నేనే రెండుసార్లు రంగు వేయించానండీ. ఇది మూడోసారి అరగడం. నాకంటే వేళ్ళకే కళ్ళున్నాయి. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ‘ఇ’ ఎక్కడుందో తెలియక ఏడ్చేవాడు. వాడికోసం వేయించాను.”

నేను సాక్ష్యమని పూజించినదాన్ని ఆ సాక్షే రెండుసార్లు చెరిపేశాడు! అక్కడినుంచి నా తర్కాన్ని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

యంత్రం రెండు రకాలుగా అరుగుతుందనీ, ఒకటి వాడకం వల్ల, రెండోది వాడకపోవడం వల్ల అనీ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ వివరించాడు. ఇవిగాక మరొకటి చెప్పి, దానికి నైతికమైన అరుగుదల అని పేరుపెట్టాడు. యంత్రం చెక్కుచెదరకపోయినా, అంతకన్న మెరుగైనదో చవకైనదో వస్తే దాని విలువ పడిపోతుంది. 1955లో మన దేశంలో గోద్రెజ్ వారు టైపు మిషను తయారీ మొదలుపెట్టారు. 2011 నాటికి అది ఆగిపోయింది. మా కోర్టు చెట్టు కింద ఆయనను దెబ్బతీసింది ఈ మూడో అరుగుదలే. అది మీట మీద ఎక్కడా కనిపించదు. కనిపించేదాన్ని పట్టుకొని నేను కన్నీరు కార్చాను. కనిపించనిదాన్ని వాడుకొని ధర దించాను.

అరిగిన అక్షరాన్ని ప్రేమించడం ఎవరికి సులభం? ఆ మిషను మీద బతకనక్కరలేనివాడికి. మరొక సంగతి కూడా వున్నది. అక్షరం మాసిన మీట పని వచ్చినవాణ్ణి అడ్డగించదు, రానివాణ్ణి అడ్డగిస్తుంది. చూడకుండా కొట్టమనే ఇన్‌స్టిట్యూట్లలో నేర్పేవారు, నిజమే. కాని చూడకుండా కొట్టడం చూసి నేర్చుకున్న తరువాతి మాట. తెలిసినవాడి గుర్తు తెలియనివాడికి గోడగా మారితే, అది ఎంత పవిత్రమైన గుర్తయినా తొలగించవలసిందే. మన సాహిత్యంలోనూ పెద్దల చేతుల్లో అరిగి కొత్తవాడికి అర్థంగాకుండా పోయిన మాటలు తక్కువేమీ లేవు.

అయితే అన్నిటినీ కొత్తవాటిలా మెరిపించమని నా వాదన కాదు. స్పేస్ బారు మీది గుంట ఎవరికీ అడ్డురాదు. దాన్ని పూడ్చి, ఎవరూ వాడనట్టు నటిస్తే అది అబద్ధమవుతుంది. కనుక అక్షరాలు దిద్దాను, గుంటను వుంచాను. తరువాత పనిచేసేవాడికి ఆటంకమా కాదా అన్నదే నాకు దొరికిన కొలబద్ద. మిత్రులు ఇంతకన్న మంచిది చూపితే ఒప్పుకుంటాను.

తగ్గించిన సగం డబ్బు పట్టుకెళ్ళి ఆయనకిచ్చాను. లెక్కపెట్టుకొని జేబులో పెట్టుకున్నారు. “అప్పుడే ఇచ్చివుంటే అద్దె బాకీకి పనికొచ్చేది మాస్టారూ” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మిషను ఇప్పుడు మా వరండాలో వున్నది. వీధి పిల్లలు వచ్చి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, తమ పేర్లు కొట్టుకుంటున్నారు. ‘ఇ’ మీద రంగు అప్పుడే కొంచెం పలచబడింది.