నలుపెక్కాకే వెండి

ఛాందోగ్య ఉపనిషత్తులో శ్వేతకేతువు 12వ ఏట గురుకులానికి వెళ్లి 24వ ఏట ఇంటికి తిరిగొస్తాడు. వేదాలన్నీ చదివేశానన్న బిగువు అతని నడకలో, మాటలో కనబడుతూనే ఉంటుంది. తండ్రి ఉద్దాలకుడు కోప్పడలేదు. ఏ ఒక్కటి తెలిస్తే తెలియనివన్నీ తెలిసినట్టవుతాయో, దాని సంగతి మీ గురువులను అడిగావా నాయనా అన్నాడు. కొడుకు దగ్గర జవాబు లేదు. అప్పుడు తండ్రి మూడు ఉదాహరణలు చెప్పాడు. మట్టిముద్ద, బంగారపు ముద్ద మనకు ప్రవచనాల్లో తరచూ వినబడేవే. మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. అది గోళ్లు తీసుకునే చిన్న ఇనుప పనిముట్టు. ఆ కాస్త ఇనుము సంగతి తెలిస్తే ఇనుముతో చేసిన వస్తువులన్నిటి సంగతీ తెలిసినట్టేననీ, ఆకారాలూ పేర్లూ మాటవరసకు వచ్చినవేననీ, నిజంగా ఉన్నది ఇనుమొక్కటేననీ ఉద్దాలకుడి బోధ.

పన్నెండేళ్ల చదువును ఓ పనిముట్టు ముందు మోకరిల్లజేసిన ఈ ఘట్టంలో తండ్రి తెలివి కంటే కొడుకు తీరు గమనించదగ్గది. ‘తత్త్వమసి’ (అది నువ్వే) అన్న మహావాక్యాన్ని తండ్రి తొమ్మిదిసార్లు వినిపిస్తాడు. ఆఖరుసారి తప్ప విన్న ప్రతిసారీ కొడుకు, ఇంకా విడమరిచి చెప్పండి అంటాడు. అన్నీ తెలుసని వచ్చినవాడు, తనకు ఇంకా అందలేదని అన్నిసార్లు పైకి చెప్పుకోవడం మాటలు కాదు. అందలేదన్న సంగతి దాచుకుని తలూపి ఉంటే ఉపదేశం మొదటిసారితోనే ఆగిపోయేది. అతని అరకొర అవగాహనే ఆ అధ్యాయాన్ని ముందుకు నడిపింది.

నేర్చుకునేవాడికి ఈ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? వంకరటింకర పనిని పదిమంది ముందు పెట్టడం సాధనలో భాగమా, లేక సాధన పూర్తయ్యేదాకా దాచుకోవలసిన సంగతా? ఈ ప్రశ్నకు శాస్త్రం ఇచ్చే జవాబును కళ్లకు కట్టినట్టు చూపించే పని ఒకటి హైదరాబాద్ పాతబస్తీకి బాగా తెలిసినదే ఉంది. అది బిద్రీ.

ఆ పనికి పుట్టిల్లు బీదర్. బహమనీల కాలం నుంచి అక్కడ వేళ్లూనుకుంది. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాజ్యంలోదే కాబట్టి, ఆ పనికి పోషణ ఇక్కడి దేవిడీల నుంచి అందింది. పాన్‌దాన్‌లు, హుక్కా బుడ్లు, సురాయిలు, పళ్లేలు నవాబుల ఇళ్లకు చేరాయి. మూసీ ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడవచ్చు. 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఆ మ్యూజియం 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. అద్దాల వెనక ఉన్నదంతా చెయ్యితిరిగినవాళ్ల పని. నల్లటి నునుపు మీద వెండి తీగెలు, పూలు, ఆకులు. వెంట్రుకవాసి తేడా కనబడదు. అలాంటి పనిని చూసి వచ్చి సొంతంగా ఉలి పట్టినవాడికి మొదటి రోజే గుండె జారుతుంది.

ఆ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. 16 పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి కరిగిస్తారు. ఇసుకలో ఆముదం, గుగ్గిలం కలిపి చేసిన అచ్చులో పోస్తారు. చల్లారాక గరుకంతా ఆకురాయితో రాకి నునుపు చేస్తారు. మైలుతుత్తం నీళ్లు పూస్తే పైన కాసేపు నిలిచే నల్లటి పూత వస్తుంది. దానిమీద మొనదేరిన ఇనుప కలంతో ముగ్గు గీసినట్టు చేత్తోనే నేరుగా లతలు గీస్తారు. ఆ గీతల వెంబడి చిన్న ఉలితో గాడి తవ్వి, గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెడతారు. మళ్లీ ఆకురాయి. తీగ సరిగా కూర్చుందో లేదో కంటికంటే ముందు బొటనవేలి గోరు చెబుతుంది. పైకి లేచిన చోట గోరుకు తగులుతుంది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఈ దశలో వస్తువు మొత్తం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. జింకూ తెలుపే, వెండీ తెలుపే. లత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టిపట్టి చూస్తే తప్ప తెలియదు. గాడి దారితప్పినా, తీగ తెగినా, ఆకు ఒకవైపు లావెక్కినా ఆ తెలుపులో అన్నీ కలిసిపోతాయి. అక్కడితో ఆపేస్తే నేర్చుకునేవాడి పనికీ ఉస్తాద్ పనికీ పైచూపుకు పెద్ద తేడా ఉండదు. కానీ అక్కడితో ఆపితే అది బిద్రీ కాదు.

చివరికి మట్టి వస్తుంది. బీదర్ కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా సోకని మూలల్లోంచి తెచ్చిన మట్టి అది. పనికొచ్చే మట్టి అవునో కాదో పనివాళ్లు నాలుక మీద వేసుకుని తేలుస్తారు. దాన్ని నవాసాగరంతో కలిపి నీళ్లలో వేసి, వేడిచేసిన వస్తువుకు పట్టించి రుద్దుతారు. చూస్తుండగానే జింకు నేలంతా కాటుకలా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఆ నలుపు అంటదు. కడిగి నూనె రాస్తే నల్లటి నేల మీద వెండి లత ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాంతోపాటే తప్పులన్నీ లేస్తాయి. తెగిన తీగ చోట నల్లటి ఖాళీ, దారితప్పిన గాడి చోట వంకర, ఒత్తుగా కూరిన చోట మొద్దు రేకు. నిన్నటిదాకా తెలుపు కప్పిపెట్టినదంతా ఇప్పుడు అందరికీ కనబడుతుంది.

వెండిని చూపించే నలుపూ వంకరను చూపించే నలుపూ ఒకటే. ఒకటి కావాలి, రెండోది వద్దు అనడానికి వీల్లేదు. వంకర బయటపడుతుందన్న భయంతో మట్టి పూయించుకోనివాడి వెండి కూడా ఎప్పటికీ బయటపడదు. జింకులో జింకులా ఉండిపోతుంది.

సాధకుడి సంగతీ అంతే. మనలో చాలామందికి ఆధ్యాత్మిక జీవితం అంటే ఆ తెల్లటి దశే. నాలుగు స్తోత్రాలు వచ్చు, రెండు గ్రంథాలు చదివాం, మాటలో శాంతం ఉంది. ఏది నేర్చుకున్నదో, ఏది నిజంగా లోపల నాటుకున్నదో పైకి తెలియదు. మనకే తెలియదు. ఇంట్లో ఓ కష్టం వచ్చినప్పుడో, ఎవరో ఎదిరించి మాట్లాడినప్పుడో నేల నల్లబడుతుంది. అప్పుడు మనలోని ఓర్పు ఎంత పొడుగు తీగో, ఎక్కడ తెగిందో తేలిపోతుంది. ఆ మట్టి ఎండ సోకని మూలలోదే కావడంలో కూడా ఓ అంతరార్థం తోస్తుంది. మనం ఎన్నడూ వెలుతురు పడనివ్వని మూలలే మన పనిని తేల్చి చూపిస్తాయి.

గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో, తన సహజకర్మను దోషం ఉన్నా వదలకూడదంటాడు. నిప్పును పొగ కమ్మినట్టు మొదలుపెట్టిన ప్రతి పనినీ ఏదో దోషం కమ్మే ఉంటుందని కారణం చెబుతాడు. త్రిగుణాలతో కూడిన కర్మకు దోషం తప్పదని శంకరుల భాష్యం. అంటే దోషం నేర్చుకునేవాడి సొత్తేం కాదు. ఉస్తాద్ పనికీ ఉంటుంది, మహాశిల్పి పనికీ ఉంటుంది. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. పొగ ఎక్కువగా లేచేది బొగ్గు రాజుకునేటప్పుడే. పొగ చూసి భయపడి తిత్తి వదిలేస్తే నిప్పు చల్లారుతుంది, పొగ మాత్రం కళ్లలోనే ఉంటుంది.

అలా చేతికి వచ్చినంతలో చేసి దైవం ముందు పెట్టినవాడు మన హైదరాబాద్‌కు దగ్గర్లోనే ఒకాయన ఉన్నాడు. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండగా భద్రాచలం రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. అబుల్ హసన్ తానీషా (1672–1687) పాలనలో సర్కారు సొమ్ము వాడాడన్న నేరం మీద గోల్కొండ చెరసాలకు వెళ్లాడు. ఆ నగలకు ఎంతెంత అయిందో రాముడికే లెక్క చెబుతూ పాడుకున్నాడు. ఆ చెరసాల గోడమీద సీతారాములు, లక్ష్మణుడు, ఆంజనేయుడు చెక్కి ఉన్నారు. రామదాసు స్వయంగా చెక్కుకున్నవని చెబుతారు. శిల్పి చెయ్యి కాదని చూడగానే తెలుస్తుంది. భద్రాచలం నగలు ఆరితేరిన పనివాళ్లు చేసినవి, వాటికి వెచ్చించినది సర్కారు సొమ్ము. గోడమీది బొమ్మల్లో ఉన్నది మాత్రం పూర్తిగా ఆయన సొంతం. చీకట్లో, అలవాటు లేని పనిముట్టుతో, చూసేవాళ్లు ఏమంటారోనన్న లెక్క లేకుండా చేసినది. కోట చూడటానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ మొరటు బొమ్మల ముందు ఆగి చేతులు జోడిస్తారు. నైపుణ్యం చాలకపోయినా నివేదన పూర్తిగానే జరిగింది.

అయితే ఇక్కడో జాగ్రత్త ఉంది. ఏం చేసినా దేవుడు పుచ్చుకుంటాడు కదా అని చేతికొచ్చినట్టు చేసి పారేయడానికి ఇది అనుమతి కాదు. అశ్రద్ధతో చేసిన హోమం, దానం, తపస్సు ఇక్కడా పనికిరావు, అక్కడా పనికిరావని 17వ అధ్యాయం ముగింపులో గీతే కచ్చితంగా చెబుతుంది. కాబట్టి చూడవలసింది శ్రద్ధ ఉందా లేదా అన్నది. శ్రద్ధ ఉన్న చేతిలోంచి వచ్చిన వంకర, నేర్చుకోవడానికి దారి. శ్రద్ధ లేని చేతిలోంచి వచ్చిన తిన్నటి గీత కూడా అలవాటు కొద్దీ పడినదే. పని చేసిన మనిషికి ఈ రెంటి తేడా లోపల తెలుస్తూనే ఉంటుంది.

రెండో జాగ్రత్త చూపించడంలోనే ఉంది. వంకర పనిని చూపించేవాడికి కూడా అహంకారం ఓ మూల పొంచి ఉంటుంది. ఇంత బాగా ఒప్పుకున్నందుకు ఎదుటివాళ్లు మెచ్చుకోవాలనుకుంటాడు. ‘నాకేం రాదండీ’ అంటూనే ‘అబ్బే, బాగానే వచ్చింది’ అన్న జవాబు కోసం చెవి రిక్కిస్తాడు. అందుకే పెద్దలు ముందుగా గురువుకు చూపించమన్నారు. నమస్కరించి, అడిగి, సేవ చేసి తెలుసుకోమని గీత చెప్పిన వరుసలో అడగడం మధ్యలో ఉంది. అడగాలంటే తెలియనిది ముందు పెట్టాలి. పాతబస్తీ కార్ఖానాల్లో దీనికి ఇంత వివరణ అక్కర్లేదు. పిల్లవాడు పళ్లెం ఒళ్లో పెట్టుకుని తటపటాయిస్తుంటే ఉస్తాద్ తలెత్తకుండానే ‘దిఖావ్ బేటా’ అంటాడు. పళ్లెం చేతులు మారుతుంది. పెద్దాయన బొటనవేలు లత మీదుగా వెళ్లి ఒకచోట ఆగుతుంది. పొగడ్త, తిట్టు రెండూ ఉండవు. ఆగిన చోటే పాఠం. పిల్లవాడు మళ్లీ ఆకురాయి అందుకుంటాడు. ఆకురాయి పడగానే నలుపు పోయి కింద తెల్లటి లోహం బయటపడుతుంది. గాడి సరిచేసి, తీగ కూర్చి, మళ్లీ మట్టి పట్టించవచ్చు. మరీ చెడితే మూసలోకి పోతుంది. ఉద్దాలకుడు చెప్పిందీ ఇదే కదా. చెడింది ఆకారం. లోహానికి ఏమీ కాలేదు.

ఆ ఉస్తాద్ పెరిగిన సంప్రదాయంలోనూ ఇందుకు గట్టి ఆధారమే ఉంది. దావూద్ ప్రవక్తకు ఇనుమును మెత్తగా చేసి ఇచ్చామని ఖురాన్ చెబుతుంది. వెంటనే, కవచాలు చెయ్యి, కడియాలు కొలతగా అల్లు అన్న ఆజ్ఞ కూడా ఉంది. ఇనుము చేతిలో మెత్తబడిన ప్రవక్తకే కొలత తప్పలేదు. ఇక పనిలో, ఆరాధనలో ఉత్తమ స్థితిని ఇహ్‌సాన్ అంటారు. దేవుణ్ణి కళ్లారా చూస్తున్నట్టు ఆరాధించడం, మనం చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడని తెలిసి ఉండడం దాని సారమని ముహమ్మద్ ప్రవక్త బోధ. శ్రేష్ఠత అనగానే మనం లోపం లేకపోవడం అనుకుంటాం. అక్కడ చెప్పింది మాత్రం చూపులో ఉండడం గురించి. ఎవరి చూపు నుంచీ తప్పించుకోకుండా పనిచేసేవాడు శ్రేష్ఠతకు దగ్గరవుతాడు. లోపాలు ఆ చూపు కింద ఒక్కొక్కటే సర్దుకుంటాయి.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జీవుడి ప్రయాణాన్ని చెబుతూ కంసాలిని తలుచుకుంటాడు. కంసాలి పాత నగలోంచి బంగారం తీసుకుని మరింత కొత్తదీ మరింత అందమైనదీ అయిన రూపం చేసినట్టు, జీవుడు ఒక శరీరం విడిచి ఇంకో రూపం కల్పించుకుంటాడంటాడు. జనక మహారాజు ముందు చెప్పిన ఆ మాటలో ఒక మెలిక ఉంది. కొత్త రూపం రావాలంటే పాత నగ కంసాలి చేతికి అందాలి. లోపం ఉందని పెట్టెలో దాచుకున్న నగ కొలిమి దాకా రాదు, మారదు. వంకర తీగ ఉన్న పళ్లేన్ని ఉస్తాద్ చేతిలో పెట్టడం, మనసులోని వంకరను గురువు ముందో దైవం ముందో పెట్టడం ఒకే సాధనలోని రెండు మెట్లు. మొదటిది అలవాటైన చేతికి రెండోది అంత బరువనిపించదు.