వాయుపుత్రుడు - కేసరినందనుడు



వేంపల్లెకు సమీపమున, పాపఘ్ని నది కొండలను చీల్చుకొని పారుచోట, గండి క్షేత్రమున శ్రీ వీరాంజనేయస్వామి వెలసియున్నాడు. లంకనుండి మరలివచ్చు శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు ఇచటి రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు, రాముడు బాణపు మొనతో శిలపై ఆంజనేయుని రూపమును గీచెననియు స్థలపురాణము. శ్రావణ శనివారములలో ఈ సన్నిధికి వచ్చు జనసమూహమున, కువైట్ నుండి సెలవులకు వచ్చిన కుటుంబములు కూడ కనిపించును.

కడప సీమనుండి ఎందరో పొట్టచేతబట్టుకొని దశాబ్దములుగా ఆ దేశము చేరుచున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌పై దండెత్తినపుడు లక్షకు పైగా భారతీయులు విమానములలో స్వదేశము చేరిరి. ఆపద తొలగిన పిదప అనేకులు మరల అచటికే వెళ్లిరి. ఇచటి వానలేని చేను వారి నట్లు పంపినది.

అచట పెరిగిన పదునైదేండ్ల బాలుని స్థితిని ఒకమారు తలపోయుడు. బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ. ఇంటిలో అమ్మ పలుకు సీమ తెలుగు. అచటనే పుట్టినను ఆ దేశపు పౌరసత్వము లేదు. తండ్రి ఉద్యోగము పోయిన నివాసానుమతియు పోవును. అచటివారికి వాడు ‘హిందీ’. వేంపల్లెకు వచ్చిన ‘కువైట్ పిల్లోడు’. అవ్వతో మాటలాడునపుడు పదము తడబడిన తోడిపిల్లలు నవ్వుదురు. గుడిగోడమీది తెలుగు అక్షరములు చదువలేక వాడు తల దించుకొనును. ‘మన ఆచారము మరచితివి’ అని తండ్రి గద్దించును. ‘నేనెవరివాడను?’ అని వాడు లోలోన కుములును. ఇది తుంటరి ప్రశ్న కాదు. బదులీయవలసిన బాధ్యత పెద్దలది.

ఆంజనేయుని నామములనే చూడుడు. ఆయన వాయుపుత్రుడు, కేసరినందనుడు. ఒక నామముకొరకు రెండవదానిని విడువుమని ఆయన నెవరును అడుగలేదు. అశోకవనమున సీతమ్మను చూచినపుడు ఏ భాషలో పలుకవలెనని ఆయన విచారించెను. పండితునివలె సంస్కృతమున పలికిన, రావణుడే మారువేషమున వచ్చెనని తల్లి భయపడునని తలచి, ఆమెకు పరిచయమైన మనుష్యభాషలో రామకథను వినిపించెను. పెక్కు భాషలెరుగుట ఆయనకు లోపము కాలేదు, రామకార్యమునకు సాధనమైనది.

మరి పెద్దల కర్తవ్యమేమి? సముద్రతీరమున వానరులు దిగులుపడినవేళ హనుమ ఒక ప్రక్క మౌనముగా కూర్చుండెను. తన బలమును తానే మరచియుండెను. జాంబవంతుడు వానిని నిందింపలేదు. జన్మవృత్తాంతమును, బాల్యమున సూర్యునికై ఎగిరిన సంగతిని ప్రేమతో చెప్పెను. వినినంతనే హనుమ దేహము పెరిగెను.

మన బిడ్డకు కావలసినది ఇట్టి జాంబవంతుడు. సెలవులలో తాత వానిని గండికి తీసికొనిపోయి ఆ శిలను చూపి కథ చెప్పవలెను. పదము తప్పిన నవ్వక సరిదిద్దవలెను. కువైట్‌లో తల్లిదండ్రులు దినమునకొక పుటయైనను తెలుగు చదివింపవలెను. అచట వాడు నేర్చిన క్రమశిక్షణను, అన్యమతస్థులైన మిత్రుల స్నేహమును తక్కువచేయరాదు. దేశమునుబట్టి ఆచారములు మారును. సత్యము, వినయము, అన్నము పెట్టిన నేలయెడ కృతజ్ఞత మారవు.

నాయనా! నీవును వినుము. తెలుగు రాదని సిగ్గుపడి మౌనము వహింపకుము. తడబడుచునే అవ్వతో పలుకుము. ఈ పాపఘ్ని కన్నడసీమలో పుట్టి కడపసీమలో పెన్నను చేరుచున్నది. గండివద్ద మునుగువారెవరును ఈ నీరు ఏ సీమదని అడుగరు. వాయుదేవుని తోరణమునకు రెండు కొండలును కావలసివచ్చినవి. నీ జీవితమునకును రెండు నేలలు ఆధారములు.

దూరదేశములనున్న మన బిడ్డలకు ధైర్యమును, వారిని ఓర్పుతో దిద్దు మనస్సును పెద్దలకు గండి వీరాంజనేయస్వామి అనుగ్రహించుగాక!