చీమ గొలుసు, తుమ్మెద ముద్ద

పిల్లలకు ఐకమత్యమును బోధింపవలసినపుడు పెద్దలు చీమను చూపుట వాడుక. తుమ్మెదను చూపువారు అరుదు. కవులకది భోగి, ఇంటివారికి వాసములు తొలుచు పీడ. ఈ తీర్పు న్యాయమేనా?

మహబూబాబాదు మామిడితోటలలో ఆకులు కుట్టి గూడుకట్టు ఎఱ్ఱచీమలను రైతు లెఱుగుదురు. ఆకుల అంచులు ఎడముగా నున్నచో ఒకదాని నడుమును మఱియొకటి పట్టి, గొలుసుగా నేర్పడి దగ్గఱకు లాగును. పెద్దచీమలకు పట్టుదారము లేదు. పిల్లపురుగులను నోటకఱచి తెచ్చి, వాని దారముతో ఆకుల నతుకును. పెక్కు చీమజాతుల పిల్లలు ఆ దారముతో తమచుట్టు గూడల్లుకొనును. ఇవి మాత్రము తమకేమియు మిగుల్చుకొనక ఇంటికే యిచ్చివేయును. కాయకమున కింతకన్న దృష్టాంతమేల? అయినను పరాయి సంఘపు చీమ హద్దు దాటివచ్చినచో, ఆ గొలుసుకట్టిన చీమలే దానిని పట్టి చంపును.

ఇక తుమ్మెద. ఆంగ్లపాఠములలోని బంబుల్‌బీని తెలుగున తుమ్మెద యనుచున్నారు గాని, అది హిమాలయము వంటి చలికొండలలో చిన్న సంఘముగా బ్రతుకు జీవి. భూపాలపల్లి అడవిపల్లెలలో ఎండుకొయ్యను తొలుచు మన నల్లతుమ్మెద వేఱు. దానికి సేన లేదు. ఆడుతుమ్మెద తానొక్కతెయే కొయ్యలో సొరంగము తొలిచి, పుప్పొడియు తేనెయు కలిపిన ముద్దనుంచి, దానిపై గ్రుడ్డుపెట్టి, కొయ్యపొట్టుతో అడ్డుగోడ కట్టును. కొయ్యను తినదు.

ఈ ఒంటరి జీవి వంగతోటకు చేయు మేలు చాలమందికి తెలియదు. వంగపూవున పుప్పొడితిత్తులు కొనయందలి చిన్నరంధ్రముతో మాత్రమే తెఱచుకొనును. తుమ్మెద పూవును పట్టి ఒడలదరించి ఝుమ్మనగా పుప్పొడి జలజల రాలును. బంబుల్‌బీకి నీ విద్య కలదు, తేనెటీగకు లేదు. జనగామ మెట్టచేలలో వంగతోట వేసిన రైతు తుమ్మెదకు బంధువు కాడు, అయినను దాని శ్రమలో అతనికి పాలు చేరుచున్నది.

తుమ్మెద తెలిసి యిచ్చుట లేదుగదా, అది దాసోహమెట్లగునని యాక్షేపింపవచ్చును. సరియే. తన పిల్లకై ముద్ద చేసికొనుటయే దాని యుద్దేశము. చీమయు తెలిసి ద్వేషించుట లేదు. తెలిసినవాడు మనుజు డొక్కడే. చిక్కంతయు నిచ్చటనే యున్నది. పంక్తిలో మనవారికి ముందు, పరులకు వెనుక వడ్డించు ఇల్లు చీమగూటికంటె నెంత పెద్దది? పాలకుర్తితో పేరు ముడివడిన సోమనాథుడు బసవపురాణమున మాదార చెన్నయ్యను, మడివాలు మాచయ్యను కొనియాడెను. ఆ గ్రంథమును పట్టువస్త్రమున చుట్టి పూజించు ఇండ్లలోనే వచ్చినవాని కులమడిగి పీటవేయుట నేటికిని కొన్నిచోట్ల కనబడుచున్నది. ఐకమత్యము లేకకాదు. గొలుసు గట్టిదే, అది గుమ్మము కడ నాగిపోవుచున్నది.