సముద్రయుద్ధక్రీడ: ఒక ధర్మవిచారము

యుద్ధము ఘోరమని ఒప్పుకొననివారు లేరు. అయినను యుద్ధమును ఆటగా చేసికొని ఆడని జాతియు లేదు. మన చతురంగము పేరులోనే సేనకు గల నాలుగు అంగములు నిలిచియున్నవి. చదరంగములో మనము ఏనుగు అనెడి పావును వంగదేశీయులు నౌక యందురు. మన పల్లెలలో అరుగులమీద గీతలు గీసి ఆడు పులిజూదము సైతము వేటకును ముట్టడికిని ప్రతిరూపమే. అందులో పులివాత పడిన మేకకై ఎవ్వరును కంటతడి పెట్టరు. కావున చంపుటను ఆటగా చేసికొనుట ధర్మమా, అధర్మమా అను ప్రశ్న క్రొత్తది కాదు. కాని పులిజూదపు మేకకు పేరు లేదు. పేరుగల ఓడలు నిజముగా మునిగిన యుద్ధమును, అందు మడిసినవారి బిడ్డలు ఇంకను జీవించియుండగానే, బల్లమీద పరచి ఆడునపుడు ఈ ప్రశ్నకు పదును హెచ్చును.

అట్టి ఆట యొకటి నా కంట పడినందున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. దాని పేరు ‘విక్టరీ ఇన్ ది పసిఫిక్’. అమెరికాలోని బాల్టిమోరు నగరమునందలి ఆవలన్ హిల్ సంస్థ 1977లో దానిని ప్రకటించెను. రూపకర్త రిచర్డ్ హాంబ్లెన్. 1941 డిసెంబరున పెర్ల్ హార్బరు దాడితో ఆరంభమైన జపాను, అమెరికాల నౌకాయుద్ధమే దాని విషయము. ఆడువారు ఇద్దరు. మహాసముద్రపటము కొన్ని ప్రాంతములుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క పెద్దయోడకు ఒక్కొక్క అట్టబిళ్ళ. దానిమీద ఆ యోడ పేరును, దాని ఫిరంగిబలము, కవచబలము, వేగములను తెలుపు అంకెలును ఉండును. ఓడలు ఎదురుపడినపుడు పాచికలు వేయుదురు. ఆరు పడిన దెబ్బ తగిలినట్లు; ఐదు పడిన ఆ యోడ పోరు విడిచి రేవునకు మరలవలసినదే. ఏ ప్రాంతము ఎవరి వశమైన వారికి కొన్ని అంకెలు చేరును. ఎనిమిది ఆవృత్తులలో ఆట ముగియును.

నా దౌహిత్రుడు తన మిత్రునితో దీనిని ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆ పటమున మన బంగాళాఖాతమును ఒక ప్రాంతమే. “తాతయ్యా, బంగాళాఖాతము నాదే!” అని వాడు సంతోషముతో బిళ్ళ జరిపెను. మాది బరంపురము. గోపాలపురపు సముద్రము మా యింటికి పది మైళ్ళు. ఆ మాటకు నేనును నవ్వితిని. కాని ఆ సముద్రము 1942 ఏప్రిలులో ఎవరిదో వానికి చెప్పవలెనని తోచినది.

ఆ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన జపాను విమానవాహకనౌకలనుండి లేచిన విమానములు కొలంబోపై దాడిచేసినవి. ఆనాడే డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అను బ్రిటిషు క్రూయిజర్లు మునిగినవి. 9వ తేదీన హెర్మీస్ అను విమానవాహకనౌక సింహళపు తూర్పుతీరమున మునిగి 300 మందికి పైగా మృతినొందిరి. నడుమ 6వ తేదీన అడ్మిరల్ ఓజావా దళమునకు చెందిన ర్యూజో నౌకావిమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ దళము కొలదిదినములలోనే బంగాళాఖాతమున 20కి పైగా వర్తకపుటోడలను ముంచెను. మాల్డా, ఇండోరా, గంధారా అను నావలు వానిలోనివి. అట్టి ఓడలలో బొగ్గు వేయువారు, త్రాళ్ళు లాగువారు పెక్కుమంది మన దేశపు కళాసులే. విశాఖనుండియు, చెన్నపట్టణమునుండియు జనులు తండోపతండములుగా లోపలి ఊళ్ళకు తరలిపోయిరి. దక్షిణమునుండి వచ్చు రైళ్ళనుండి చాపలు, చెంబులు చంకబెట్టుకొని దిగినవారిని చూచితినని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. గోపాలపురమునుండియు, కాకినాడనుండియు ఓడలెక్కి రంగూను చేరి బ్రదుకుచుండిన తెలుగువారు, సముద్రమార్గము మూతపడగా, అడవులవెంట కాలినడకను దేశము చేరుటకు బయలుదేరిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి.

ఇపుడు పటమువంక చూడుడు. హెర్మీస్ నౌకకు అందు ఒక బిళ్ళ కలదు. మాల్డాకు బిళ్ళ లేదు. కళాసికి అంకె లేదు. అడవిలో పడిపోయిన కూలివాని ప్రాణమునకు ఏ ఆవృత్తిలోను లెక్క లేదు. దీనిని బట్టియే ఆట పాపమని తీర్పు చెప్పవచ్చునా? అట్లు చెప్పుట తొందరపాటని నా అభిప్రాయము. సమస్తమును చేర్చిన ఆట ఆట కానేరదు. భూపటమున మన వీధి కనబడలేదని పటము గీసినవానిని నిందింపము గదా! రూపకర్త విడిచినది విడువక తప్పనిది. పటముమీద ఉన్నదే సమస్తమని ఆడువాడు భ్రమించుటయే దోషము.

ఇట్టి ఆటలవలన మేలు లేదనుటయు సరికాదు. అమెరికావారి నౌకాయుద్ధకళాశాలలో 1887నుండి యుద్ధక్రీడలు పాఠ్యములో చేరినవి. జపానుతో రాగల యుద్ధమును అచ్చటి అధికారులు గదుల నేలమీద ఓడబొమ్మలు నడిపి ఏండ్ల తరబడి ఆడిరి. యుద్ధానంతరము అడ్మిరల్ నిమిట్జ్, ఆత్మాహుతి విమానముల దాడులు తప్ప తమకు ఆశ్చర్యము గొలిపినది ఏదియు జరుగలేదనియు, తక్కినదంతయు ఆ గదులలో ముందే ఆడినదేననియు తెలిపెను. ఆట మనిషిని శత్రువు పీటమీద కూర్చుండబెట్టును. ఎదుటివానికి ఏమి భయము, ఏమి ఆశ, ఏది దిక్కు అని ఆలోచింపజేయును. ఎదుటివాని యెడ ద్వేషము నిండిన బుద్ధికి ఈ పని సాధ్యము కాదు. ఆ మేరకు ఆట చిత్తశుద్ధికే సాధనము.

ఆ సాధనమునే మోసమునకు వాడిన కథ మరొకటి కలదు. 1942 మే మొదట యమాటో యుద్ధనౌకపై జపాను నౌకాధికారులు మిడ్వే దండయాత్రను బల్లమీద ఆడి చూచిరి. ద్వీపమునుండి వచ్చిన శత్రువిమానముల దాడికి మధ్యవర్తి పాచికలు వేయగా వారి విమానవాహకనౌకలకు తొమ్మిది దెబ్బలు తగిలినట్లును, అకాగి, కాగా అను నౌకలు మునిగినట్లును తేలినది. అధ్యక్షస్థానముననున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుగా తగ్గించెను. అకాగి బ్రదికెను. కాగా మునిగినట్లే మిగిలినను, తరువాతి దండయాత్ర ఆడునపుడు అదియు తిరిగి తేలి వచ్చెను. జూన్ 4న నిజమైన పోరు జరిగినది. అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ అను నాలుగు నౌకలును దెబ్బతిని నాశనమైనవి. జపానువారు సుమారు 3,000 మంది మరణించిరి. ఈసారి ఎవ్వరును తొమ్మిదిని మూడు చేయజాలకపోయిరి.

ఉగాకి పక్షమున ఒక మాట చెప్పుట న్యాయము. ద్వీపమునుండి లేచిన విమానములకు తొమ్మిది దెబ్బలు హెచ్చని ఆయన తలచెను. నిజయుద్ధమున ద్వీపమునుండి వచ్చినవి ఆ నౌకలలో దేనిని ముంచలేకపోయినవి. ముంచినవి అమెరికా విమానవాహకనౌకల విమానములు. కావున అంకె విషయములో ఆయన తర్కము తప్పు కాకపోవచ్చును. తప్పు అంకెలో లేదు, మనస్సులో ఉన్నది. మన నౌకలు మునుగునా అని పాచిక అడిగిన ప్రశ్నకు వారు జవాబు వెదకలేదు, ప్రశ్ననే తుడిచివేసిరి. చుట్టునున్న అధికారులలో ఆ తీర్పును నిలిపినవాడు లేడు. కౌరవసభ మనకు జ్ఞాపకము రాక మానదు. అచ్చటి పాపమంతయు శకుని పాచికలదేనా? కన్నులెదుట అన్యాయము జరుగుచుండగా తలలు వంచుకొని కూర్చున్న పెద్దల మౌనమునకు అందు పాలు లేదా?

నేను ముప్పదియైదేండ్లు గుమాస్తాగా సరకుల లెక్కలు వ్రాసినవాడను. పాడైన వస్తువును పుస్తకములో ‘కొట్టివేత’ అను గడిలో చేర్చి పై అధికారి సంతకము పొందినచో ఆ పద్దు ముగియును. లెక్క లేకున్న కొట్టు నడువదు, సేనయు నడువదు. కాని సంతకముతో పద్దు ముగియును గాని నష్టము ముగియదు. ఆ వస్తువు అవసరమైనవాడు ఎక్కడనో వట్టిచేతులతో నిలుచుండియే యుండును. వస్తువు సంగతియే ఇట్లుండగా మనుష్యుని సంగతి చెప్పనేల? అట్టబిళ్ళను పటమునుండి తీసి పెట్టెలో వేయుటకు నిమిషము చాలును. ఆ బిళ్ళమీద పేరు వ్రాయబడియున్నది గదా, ఆ పేరు ఎవరిదని అడుగుటకు మరియొక నిమిషము పట్టును. ఆటకు ధర్మమును చేర్చునది ఆ రెండవ నిమిషమే.

కనుక యుద్ధక్రీడ నిషిద్ధమని నేను చెప్పజాలను. బిడ్డలచేతినుండి దానిని లాగికొన్నచో యుద్ధము లోకమునుండి పోదు. యుద్ధమును గూర్చి ఆలోచించు అలవాటు మాత్రమే పోవును. పాచిక పడినట్లు ఒప్పుకొనుటను వారికి నేర్పుదము. తనకు నచ్చని అంకెను బల్లమీద దిద్దుకొన్నవాడు రేపు కచేరీలోను, ఇంటిలోను దానినే దిద్దుకొనును. ఆ దిద్దుబాటు వెలను ఇతరులు చెల్లింతురు. పటములో లేనివారిని గూర్చి చెప్పు బాధ్యత మాత్రము మనదే. పటము అచ్చువేసినవారికి గోపాలపురము తెలియదు, రంగూను కూలీల దారి తెలియదు. బరంపురములోను, యానాములోను, చెన్నపట్టణములోను స్థిరపడిన మన కుటుంబములలో ఆ కథలు విన్నవారు ఇంకను ఉన్నారు. వారు నోరు విప్పి చెప్పినచో బిడ్డలు ఆట మానుకొననక్కరలేదు. బిళ్ళ ఎత్తునపుడు వారి చేయి ఒక్క క్షణము ఆగిన చాలును.