అద్దము చేసినదెవరు?

"ఇది నేనే చేసితిని" అని మనము చెప్పునపుడు ఆ మాటలో సత్యమెంత? ఇది చిన్న ప్రశ్నగా కనబడును. అయితే మనుష్యుని యథార్థత తరచుగా ఇట్టి చిన్న మాటలయందే బయలుపడును.

ఈ దినములలో అలంకారపు అద్దములను ఇంటియొద్దనే చేసికొనుటకు కావలసిన సామగ్రి పెట్టెలలో అమ్మబడుచున్నది. లిప్పన్ పని అను పేరుతో దొరకు పెట్టెను చూడుము. గుండ్రని పలక, నడుమ నుంచుటకు ముఖము చూచుకొను అద్దము, చిన్న అద్దపు బిళ్లలు, మెత్తని మట్టి, జిగురు, రంగులు అందులో ఉండును. కొన్నిటిలో పలకమీద ముగ్గువలె గీతలు ముందే గీసియుండును. మట్టిని సన్నని త్రాడువలె నులిమి గీతలవెంట అంటించి, నడుమ బిళ్లలు పొదిగి, బాగుగా ఆరిన పిదప రంగు వేయవలెను. ఒక బిళ్ల ప్రక్కకు జరిగినను వరుస వంకరయగును. కావున ఓర్పు లేనివారికి ఈ పని కుదరదు.

అయినను ఆ బిళ్లలను కోసినవారెవరు? ఆ ముగ్గు ఎవరిది? గుజరాతులోని కచ్ ప్రాంతపు స్త్రీలు మట్టిలో పేడ కలిపి, తమ గుండ్రని ఇండ్ల గోడలమీద ఈ పని చేయుచు వచ్చిరి. పేడతో ఇల్లు అలుకుట ఎరిగిన మన తల్లులకు ఆ చేతుల శ్రమ చెప్పనక్కరలేదు. ఇక అద్దము సంగతి. పూర్వము ఐరోపాలో తగరమును పాదరసముతో కలిపి గాజునకు పూత వేయుచుండిరి. ఆ పాదరసపు ఆవిరివలన పనివారు రోగులైరి. 1835లో లీబిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెండిపూత పద్ధతిని కనుగొనిన తరువాత క్రమముగా ఆ పాత పద్ధతి పోయెను. మనము నిశ్చింతగా చూచుకొను అద్దము వెనుక ఇంతమంది యున్నారు.

"అట్లయిన, ఇతరులు సిద్ధపరచినదానిని అంటించుటలో గొప్ప యేమి?" అని కొందరందురు. అదియు న్యాయము కాదు. రైతు విత్తనములను కొట్టునుండి తెచ్చినంత మాత్రమున పంట అతనిది కాకపోవునా? దుక్కి దున్నినది అతడే, కలుపు తీయించినది అతడే, రాత్రివేళ మేలుకొని నీరు పెట్టినది అతడే. అయితే ఆ విత్తనమును నేనే పుట్టించితినని అతడు చెప్పడు.

ఒక తల్లి అట్టి అద్దమును తన కోడలికిచ్చి, "నా చేతులతో కూర్చితిని" అనినచో అది సత్యమే. దానినే అమ్మకమునకు పెట్టి, "ఈ రూపు నా ఊహలో పుట్టినది" అని హెచ్చు వెల అడిగినచో అది అబద్ధము. చేతులు అవే, అద్దము అదే. అయితే ఆ ఒక్క మాటతో కొనువాడు మోసపోయెను. ఆ రూపును కల్పించినవారి పేరు మరుగుపడెను.

నిర్గమకాండములో ప్రత్యక్షపు గుడారపు పని చేసిన బెసలేలు పేరు వ్రాయబడియున్నది. ఇత్తడి గంగాళము సేవకురాండ్ర అద్దములతో చేయబడెననియు అక్కడనే వ్రాయబడియున్నది. పనివాని నేర్పును చెప్పుచు, అద్దములిచ్చిన స్త్రీలను ఆ గ్రంథము విడిచిపెట్టలేదు.

మన సంఘములలో ఏమి జరుగుచున్నది? మందిరపు శిలాఫలకముమీద కొందరి పేర్లు చెక్కబడును. ఇటుకలు మోసిన కూలివారి పేర్లు అందులో కానరావు. పండుగ విందును మెచ్చుకొనునపుడు పొయ్యియొద్ద పొగలో కూర్చున్నవారిని ఎందరు తలంచుదురు?

కాబట్టి, ప్రియ చదువరీ, నీవు చేసినదానిని నేను చేయలేదనకుము. అది కపట వినయము. ఇతరులు చేసినదానిని నేను చేసితిననకుము. అది దొంగతనముతో సమానము. ఎవరైనను నీ గోడమీది అద్దమును మెచ్చుకొనినయెడల, "కూర్చినది నేను, ఈ ముగ్గు కచ్ స్త్రీలది" అని చెప్పుము. ఆ మాటవలన నీ గౌరవమునకు కొరత కలుగదు. నీ బిడ్డలు ప్రక్కన నిలిచి వినినయెడల, పరుల శ్రమను ఒప్పుకొనుట వారును నేర్చుకొందురు.