స్థలనామం, చిత్రకారుడి బాధ్యత: ప్రకృతి దృశ్య చిత్రణలో ఒక నైతిక ప్రశ్న

ప్రకృతి దృశ్యాన్ని చిత్రించేవాడికి ఆ నేలమీద బతికేవారి పట్ల బాధ్యత ఉందా? చిత్రకళా విమర్శలో ఈ ప్రశ్న తరచు ‘దృశ్యంలో మనిషి ఉండాలా, వద్దా’ అన్న చర్చగా కుదించుకుపోతుంది. ఆ బాధ్యతకు మూలం చిత్రానికి పెట్టే స్థలనామంలో ఉందని, శ్రీముఖలింగం పరిసరాలను ఉదాహరణగా తీసుకుని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన అలంకారశాస్త్రంలో దీనికి దగ్గరి చర్చ ఉంది. దండి స్వభావోక్తిని అలంకారాల్లో మొదటిదిగా నిలిపాడు. స్వభావం అలంకార్యమే గాని అలంకారం కాదంటూ కుంతకుడు దానిని నిరాకరించాడు. ఈ వాదాన్ని చిత్రకళకు అన్వయిస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది: ఎవరి కంటికి కనిపించినది స్వభావం? ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో సముద్రం, శైలం, ఋతువులు, చంద్రోదయం ఉన్నాయి. సేద్యానికి ప్రత్యేక స్థానం లేదు. అయినా ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వానకాలాన్ని వర్ణిస్తూ పొలం పనుల్లోని రెడ్లనూ, తడిసిన వంటచెరకుతో పొయ్యి రాజేయలేక అవస్థపడే ఇల్లాండ్రనూ చూశాడు. అక్కడ వాన ఇంటి లోపలికి వచ్చింది. పట్టికలో లేనిదాన్ని చూడడం కళాకారుడికి అసాధ్యం కాదు.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమ గట్టున ఉంది శ్రీముఖలింగం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు, నది, వరిచేలు చిత్రకారుడిని ఆకర్షిస్తాయి. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పుట్టిన పర్వతాలపేట ఈ ప్రాంతంలోదే. ఇక్కడి శాసనాలను చదివిన ఆయన తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని నిరూపించ యత్నించారు. ఒకే గోడ మీద చిత్రకారుడు వెలుగునీడలను చూస్తాడు; శాసన పరిశోధకుడు అఖండదీపానికి దానమిచ్చిన మనిషిని చూస్తాడు. ఏ చూపూ అసత్యం కాదు. కాని మొదటి చూపు రెండోదాని ఊసే లేకుండా తృప్తిపడగలదు.

నదికి ఎగువన హిరమండలం దగ్గర ఇదే సమస్య తీవ్రరూపం దాలుస్తుంది. అక్కడి జలాశయం కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ నీటి విస్తృతినీ, వెనుక కొండలనూ, సంధ్యాకాంతినీ ఒకరు ఉన్నదున్నట్టు చిత్రించి ‘హిరమండలం’ అని పేరు పెట్టారనుకుందాం. రేఖలో దోషం లేదు, వర్ణంలో దోషం లేదు. ఊరు విడిచిన మనిషి మాత్రం ఆ నీటిలో తన గడప ఎక్కడుందో వెతుక్కుంటాడు. కంటికి నిజాయతీ చూపిన చిత్రం కూడా స్థలానికి అన్యాయం చేయగలదు.

ఈ తేడాను ఇద్దరు తెలుగు చిత్రకారులు స్పష్టం చేస్తారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య, చందమామ ముఖచిత్రాల్లో కొండలనూ వనాలనూ పురాణలోకానికి తగినట్టు కల్పించారు. అవి ఏ ఊరినీ తమదని చెప్పుకోవు; కనుక ఏ ఊరికీ ఋణపడవు. దామెర్ల రామారావు (1897–1925) మార్గం వేరు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివి రాజమండ్రికి తిరిగివచ్చి, గోదావరి సీమను చిత్రించారు, అక్కడే శిష్యులకు చిత్రకళ నేర్పారు. పేరున్న నేలను చిత్రించేవాడు ఆ నేలతో సహవాసం చేయాలన్న సూత్రానికి ఆయన స్వల్పజీవితం ఒక నిదర్శనం.

దీనిపై ఒక ఆక్షేపణ సహజం. చిత్రకారుడు సాక్షి కాడు. అతనిపై సామాజిక బాధ్యత మోపితే కళ ప్రచారపత్రమవుతుంది. ఈ ఆక్షేపణలో బలం ఉంది. కూలివాడి బొమ్మను మూలన చేర్చినంత మాత్రాన ఋణం తీరదు. అది ఒక్కోసారి మరో అలంకారంగానే మిగులుతుంది. ఇక్కడ కోరుతున్నది పరిచయం. గట్టు ఎవరి పారతో నిలిచిందో, కాలిబాట ఏ ఇంటికి పోతుందో, నీరు ఎప్పుడు ఎక్కడిదాకా వస్తుందో తెలిసినవాడు గీసే గట్టు, బాట, నీరు వేరుగా ఉంటాయి. మనిషి కనబడని చిత్రంలోనూ ఆ ఎరుక కనబడుతుంది.

కాబట్టి ప్రకృతి దృశ్యాన్ని విమర్శించేటప్పుడు వర్ణసంయోజనంతోపాటు స్థలనామాన్ని కూడా పరీక్షకు పెట్టాలి. ఆ పేరు ఎరిగినవారు చిత్రం ముందు నిలిచి తమ నేలను గుర్తుపట్టగలరా అన్నది ఆ పరీక్షలో మొదటి ప్రశ్న కావాలి.