ఆ ఇంట్లో నీళ్ళు మోసిందెవరు?

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. 1881 డిసెంబర్ 11న ఆయన చేయించిన తొలి వితంతు వివాహం ఆయన ఇంట్లోనే జరిగింది. అలాంటి ఇల్లు నిలవాలి, అందులో వాదం లేదు. కానీ ఒక ఇంటిని భద్రపరచడమంటే దేన్ని భద్రపరచడం?

గోడలు నిలుస్తాయి. పుస్తకాలు, ఉత్తరాలు, ఫొటోలు నిలుస్తాయి. వండిన అన్నం ఆ పూటకే అయిపోతుంది. మోసిన నీళ్ళు సాయంత్రానికల్లా ఖాళీ అవుతాయి. మిగిలినదాన్నే చూపించగలదు కనుక, ఎవరూ తలపెట్టకపోయినా స్మారకంలోకి పక్షపాతం వచ్చి చేరుతుంది.

ఆ పెళ్ళికి ఊరు ఎదురు తిరిగింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. పంతులు భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, ఇంటికి వచ్చినవాళ్ళకు వండిపెట్టింది. వెలి ఆయనకు సభల్లో, పత్రికల్లో తేల్చుకోవలసిన వాదన. ఆమెకు అది రోజూ ఎత్తుకోవలసిన బిందె. వాదనకు జవాబు రాయొచ్చు. బిందెను మాత్రం మోయాల్సిందే.

ఇదంతా చెప్పి ఆమెను ‘త్యాగమూర్తి’ని చేసి, భర్త పటం పక్కన ఇంకో పటం తగిలిస్తే సరిపోతుందా? ఆమె మనకు ఎక్కువగా తెలిసింది భర్త రాసిన స్వీయచరిత్రలోంచే. సంస్కరణను తాను నమ్మి చేసిందా, భార్య ధర్మమని చేసిందా, చేస్తూ చేస్తూ నమ్మిందా? ఒక జవాబు ఎంచుకుని ఆమె నోట పెట్టడం కూడా ఆమెను చెరిపేయడమే. పెళ్ళికూతురు గౌరమ్మ గొంతు ఇంకా వినబడదు. ఆ చిన్నపిల్ల కోసం ఊరంతా రెండుగా చీలి మాట్లాడింది. ఆమె ఏమనుకుందో అడిగినవాళ్ళెవరు?

ఆ దంపతులకు పిల్లలు లేరు. పంతులు తన ఆస్తిని హితకారిణీ సమాజానికి ఇచ్చేశారు. పుట్టింట్లో, అత్తింట్లో చోటు లేని ఆడపిల్లలకు ఆ దంపతులు నీడ ఇచ్చారు. ఆ ఇంటి వారసత్వం రక్తసంబంధంతో నడిచింది కాదు. మరి ఆ ‘కుటుంబం’లో ఎవరెవరున్నారో ఆ గోడల మధ్య తెలుస్తోందా?

అక్కడికి విద్యార్థినులను తీసుకెళ్ళే మనం పంతులు గొప్పతనాన్ని తగ్గించనక్కర్లేదు. వంటిల్లు ఎక్కడుండేదని, గోదావరి రేవు అక్కడికెంత దూరమని వాళ్ళచేత అడిగిద్దాం. వీలైతే ఆ దూరం నడిపించి చూపిద్దాం.